మీకు తెలుసా? పదమూడంటే ముద్దు!

అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన కెప్టెన్ విలియం ఫౌలర్‌కి 13 అంటే భయం లేదు సరికదా, మహా మక్కువ. చదివింది న్యూయార్క్‌లో 13వ నంబరు బడిలో. పాల్గొన్న పోరాటాలు 13. ఒకే బల్ల దగ్గర పదమూడుగురు భోంచేస్తే ఏడాది తిరిగేలోగా ఒకరు పోతారని పాశ్చాత్యుల నమ్మకం. దాని సంగతేదో తేల్చేద్దామని ఆయన 1880ల ఆరంభంలో 'థర్టీన్ క్లబ్' పెట్టాడు. విందు 13వ తారీఖున, 13వ నంబరు గదిలో, బల్లకి పదమూడుగురు చొప్పున. లోపలికి వెళ్లాలంటే, అపశకునమన్నా సరే, నిచ్చెన కిందుగా నడవాల్సిందే. అదీ అపశకునమే కదా అని బల్ల మీద ఉప్పు కావాలనే ఒలకబోసేవారు (మనవాళ్లయితే ఎదురుగా పిల్లిని కూడా వదిలేవారేమో!). ఏడాది గడిచింది, సభ్యులంతా నిక్షేపంగా ఉన్నారు. తర్వాత, అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా అందులో చేరారు.

మన మాజీ ప్రధాని వాజ్‌పేయినీ 13 వదల్లేదు. 1996లో ఆయన ప్రభుత్వం 13 రోజులే నిలిచింది. 1998లో వచ్చింది 13 నెలలకి ఒక్క ఓటు తేడాతో కూలింది. ఇంకొకరైతే ఆ అంకె పేరెత్తితేనే హడలిపోయేవారు. ఆయన మళ్లీ ప్రమాణం చేసింది 1999 అక్టోబర్ 13న. కొలువుదీరింది 13వ లోక్‌సభ. ఆ ప్రభుత్వం మాత్రం 2004 మే దాకా నడిచింది.