కంప్యూటరుకు పట్టే తెగులు

మా క్యాతగానచెర్లు పేరు చెబితే పూర్వం వేరుశనగ చేలు, వానలు తప్పిన సంవత్సరాలు గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు సోలారు పలకలు గుర్తుకు వస్తున్నవి. మా వూరితోబాటు తిరుమణి, బళసముద్రం, వళ్ళూరు, రాయచెర్లు గ్రామాల భూములు సుమారు 13,000 ఎకరాలు కౌలుకు తీసుకొని 2,050 మెగావాట్ల విద్యుత్తు తీసే ఏర్పాటు చేసినారు. 2018 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలైన కౌలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందుచేత మేడి పట్టిన చేతులు పాస్‌బుక్కులు పట్టుకొన్నవి. పహణీలు, అగ్రిమెంట్లు, ఆధారు కాగితాలు స్కాను చేయించి దాచుకోవడం అలవాటైంది. మా యింట్లో కంప్యూటరు అడుగు పెట్టడానికి సగం కారణం అదే. తక్కిన సగం పిల్లల చదువు.

ఈ యంత్రానికి పట్టే తెగుళ్ళను గురించి నాలుగు మాటలు వ్రాయమని సంపాదకులు అడిగినారు. మేము ఇంజనీరులము కాము. పావగడలో వొక ఆఫీసులో గుమాస్తాగిరి చేస్తూ, పగలంతా కన్నడంలో ఫైళ్ళు వ్రాసి, రాత్రి యింట తెలుగు మాట్లాడుకొనే ఎస్.ఎస్.ఎల్.సి. చదువు వాళ్ళము. అయితే పంట పోగొట్టుకొన్న రైతుకు తెగులు సంగతి కొంత తెలుస్తుంది గదా. ఆ అర్హతతోనే వ్రాస్తున్నాము.

మూడేండ్ల క్రిందటి మాట. కంప్యూటరు మరీ నెమ్మదిగా నడుస్తున్నదని వొక రిపేరు కుర్రవాణ్ణి పిలిపించినాము. అతడు గంటసేపు కూర్చొని కొత్తగా విండోస్ వేసి, “అసలుదైతే వేలల్లో అవుతుంది సార్. ఇదీ అదే, డబ్బు లేదు, అంతే” అన్నాడు. ఫోటోలు దిద్దే సాఫ్టువేరు కూడ వొకటి అట్లే వేసినాడు. వేసేటప్పుడు కంప్యూటరు వద్దు వద్దని ఎర్ర అక్షరాలు చూపింది. “ఇది అడ్డం వస్తుంది సార్, కాసేపు ఆపుదాము” అని యంటీవైరసును, అంటే కావలివాణ్ణి, నిద్రపుచ్చినాడు. మళ్ళీ లేపడం అతడూ మరచినాడు, మేమూ అడగలేదు. నాలుగు వేలు మిగిలినవని మాకు లోలోపల సంతోషం కూడ కలిగింది. దాచుకోవడమెందుకు?

పది రోజులు గడిచినవి. అమ్మ సంవత్సరీకానికి ఫోటో వొకటి పెద్దది చేయించుదామని తెరిస్తే తెరుచుకోలేదు. దాని పేరుకు చివర ఏదో నాలుగక్షరాల తోక తగిలి వుంది. పక్కది చూస్తే దానికీ తోక. పదకొండేండ్ల ఫోటోలు, పిల్లల మార్కుల కాగితాలు, అన్నిటికీ తోకలే. ప్రతి అరలోనూ ఇంగ్లీషులో వొక చీటీ. మీ ఫైళ్ళకు తాళం వేసినాము, తాళపుచెవికి 980 డాలర్లు, 72 గంటల్లో వస్తే సగానికే, అనగా 490కి, యిస్తాము అని దాని సారాంశం. నమ్మకం కోసం వొక ఫైలు ఉచితంగా తెరిచి చూపుతారట! సంతలో మామిడిపండు కోసి ముక్క రుచి చూపినట్లు.

ఫోటోలు కొన్ని మా చెల్లెలి ఫోనులో దొరికినవి. పహణీలు, కౌలు కాగితాలు ట్రంకు పెట్టెలో అసలువి వుండనే వున్నవి. పోయినది మా నాన్నగారు చివరి రెండేండ్లూ కూర్చొని కూడబెట్టిన వంశవృక్షం. పెనుగొండ వైపు నుంచి మా వాళ్ళు ఈ వూరికి వచ్చిన దగ్గరనుంచి ఎవరి పిల్లను ఎవరికి యిచ్చినది, ఏ కరవులో ఎవరు వలస పోయినది, అంతా తాతగారి పుస్తకం చూసి కంప్యూటరులోకి ఎక్కించినారు. ఆ పుస్తకాన్ని తరువాత చెదలు తిన్నవి. కంప్యూటరులో వుంది గదా అని మేము చింతపడలేదు.

పెదనాయన వచ్చి కూర్చున్నారు. “ఎంత అడుగుతాడు నాయనా వాడు?” అన్నారు.

“నలభై వేల దగ్గర పడుతుంది పెదనాయనా.”

ఆయన వేళ్ళ మీద లెక్క చూసుకొన్నారు. “రెండెకరాల కౌలు. పోనీ, నా కౌల్లో నుంచి యిస్తాను. మా తమ్ముడు కష్టపడి వ్రాసింది పోకూడదు” అన్నారు.

మేము మెత్తబడినాము. బెంగుళూరులో వుద్యోగం చేసే మేనల్లుడు ఫోనులో అడ్డుపడినాడు. “వద్దు మామా. ఇచ్చినా వాడు తెరుస్తాడని పూచీ ఎవరు? మాట నిలుపుకొనేవాడైతే యీ పనికి దిగుతాడా?” అన్నాడు. యూరపు పోలీసు సంస్థ యూరోపోలు, డచ్చి పోలీసులు, రెండు యాంటీవైరసు కంపెనీలు కలిసి 2016లో ‘నో మోర్ రాన్సమ్’ అనే సేవ పెట్టినారు. అక్కడ దొరికిన తాళపుచెవులను ఉచితంగా యిస్తారు. అక్కడ వెదకించినాడు. మాకు తగిలిన జాతిలో పాత రకాలకు తాళాలు వున్నవి. మాది కొత్త రకం, వొక్కొక్క యింటికి వొక్కొక్క తాళం వేసేది. దొరకలేదు. డబ్బు కూడ పంపలేదు.

ఇది జరిగిన తరువాత ఈ తెగులు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. వైరసు అన్నది ఎవరో పనిగట్టుకొని వ్రాసిన ఆజ్ఞల మూట. తానై బ్రతకలేదు. మరొక ఫైలునో డిస్కునో ఆశ్రయించి, అది వెళ్ళిన చోటికల్లా వెళ్ళి, అక్కడ తన నకళ్ళు పెట్టుకొంటుంది. మనము వాడే జాతి కంప్యూటర్లకు మొట్టమొదట తగిలినది 1986లో లాహోరులో పుట్టింది. ఇద్దరు అన్నదమ్ములు తమ సాఫ్టువేరును దొంగతనంగా నకలు తీసుకొనేవాళ్ళను పట్టుకొందామని దానిని వ్రాసి, అందులో తమ పేర్లు, దుకాణం విలాసం, ఫోను నెంబర్లు కూడ పెట్టినారు. అది ఫ్లాపీల మీద ఎక్కి ఖండాలు దాటింది. విలాసమిచ్చి మరీ వచ్చిన తెగులు అదొక్కటే కాబోలు! తరువాతి వాళ్ళు అంత మర్యాదస్థులు కారు.

ఫ్లాపీ పోయి పెన్‌డ్రైవు వచ్చింది గాని దారి మారలేదు. మన వైపు ఎట్లా ప్రాకుతుందో పాఠకులు వొక్కసారి తలచుకొనండి. పిల్లవాడి దరఖాస్తు అచ్చు వేయించాలని పెన్‌డ్రైవు జేబులో వేసుకొని జిరాక్సు అంగడికి పోతాము. ఉదయం నుంచి అక్కడ నూరు పెన్‌డ్రైవులు గుచ్చి తీసి వుంటారు. యింటికి వచ్చి చూస్తే మన అరలన్నీ మాయమై వాటి స్థానంలో చిన్న బాణం గుర్తులు కనిపిస్తవి. అరే, యిదేమిటి అని దాని మీదనే రెండుసార్లు నొక్కుతాము. అంతే, యింటి కంప్యూటరులోకి తెగులు దిగింది. మరునాడు ఆ పెన్‌డ్రైవే పక్కింటి వాళ్ళు అడిగితే లేదనకుండా యిస్తాము. ఎర్ర గొంగళి పురుగు వొక చేను తిన్న తరువాత పక్క చేనికి తానే నడిచి పోతుంది. కంప్యూటరు తెగులుకు ఆ శ్రమ కూడ లేదు, మనమే మోసుకొని పోతాము.

మోయకుండానే, తీగల గుండా దానంతటది పోయే జాతి కూడ వుంది. 2017 మే 12న ‘వాన్నక్రై’ అనేది లేచి కొద్ది రోజుల్లో 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. యింగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకొన్నవి. ఆంధ్ర ప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని తాళం పడి నిలిచిపోయినవి. తిరుమల దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కూడ కొన్ని దానికి చిక్కినవి. అది అడిగినది యంత్రానికి 300 డాలర్లు. దీనిలో మాకు మనసున నిలిచిన సంగతి వేరు. అది దూరిన గండి ఎక్కడ వున్నదో తయారీదారులకు ముందే తెలిసి, పూడ్చే మట్టిని మార్చి 14నే అందరికీ ఉచితంగా పంపినారు. అనగా 59 రోజుల వ్యవధి వుండింది. కట్ట వేసుకొన్న వాళ్ళు గట్టెక్కినారు. రేపు చూద్దామన్న వాళ్ళు మునిగినారు. యింగ్లండులో వొక యువకుడు ఆ పురుగు కడుపులో వొక విలాసం వ్రాసి వుండడం కనిపెట్టి, ఆ విలాసాన్ని పది పదకొండు డాలర్లకు తన పేర నమోదు చేసుకొంటే పురుగు ప్రాకడం ఆగిపోయింది. అతడు కూడ అంత పని జరుగుతుందని అనుకోలేదు.

కంప్యూటరు మూసేటప్పుడు “అప్‌డేటు చేస్తున్నాము, ఆపవద్దు” అని వస్తే విసుక్కొని మీట నొక్కేస్తాము గదా, అదే ఆ మట్టి. మా యింట దొంగ విండోస్ కాబట్టి అది సరిగా వచ్చేదే కాదు. అసలుదానికి కూడ ఆయుర్దాయం వుంటుంది. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను మామూలు ఉచిత మరమ్మతులు నిలిచిపోయినవి. యంత్రం నడుస్తూనే వుంటుంది, గండ్లు మాత్రం పూడవు. పాతవి పెట్టుకొన్న కుటుంబాలు వాటి మీద బ్యాంకు పనులు చేయకుండా వుంటే మేలు.

తాళం వేసే దొంగకంటె చప్పుడు చేయని దొంగ ప్రమాదం. దానిని స్పైవేరు అంటారు, గూఢచారి అన్నమాట. ఏదీ పాడుచేయదు. మూల కూర్చొని మనము కొట్టే అక్షరాలు, బ్యాంకు రహస్యపు మాటతో సహా, వ్రాసుకొని యజమానికి పంపుతూ వుంటుంది. 2019లో తమిళనాడు కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఆఫీసు పనులకు వాడే వొక కంప్యూటరులో యిటువంటిది బయటపడింది. మొదట లేదని, మరునాడే, అక్టోబరు 30న, వున్నదని ప్రకటించినారు. రియాక్టరు నడిపే యంత్రాలను బయటి తీగలతో కలపకుండా వేరుగా పెట్టడం చేత అక్కడికి అది పోలేదు. అంత కావలి వున్న చోటికి వచ్చినది మన యింటికి రాదా?

వచ్చే దారి తరచు మన మర్యాదే. కంప్యూటరు తెర మీద ఎర్రగా, “మీకు వైరసు తగిలింది, ఈ నెంబరుకు ఫోను చేయండి” అని ప్రత్యక్షమవుతుంది. చేస్తే చక్కని హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడి, వొక సాఫ్టువేరు దించుకోమని, తొమ్మిదంకెలు చదవమని అడుగుతారు. ఆ అంకెలు చెప్పిన క్షణం నుంచి మన కంప్యూటరు వాళ్ళ చేతిలో వుంటుంది. కౌలు పడిన వారంలో మా వూళ్ళో వొక యింటికి యిటువంటి పిలుపు వచ్చింది. ఆ యింటి కోడలు “మా మామగారు చేను నుంచి వచ్చినాక చెబుతాను” అని పెట్టేసింది. చేనెక్కడ, వున్నదంతా సోలారు క్రింద వుంటే! ఆమె సమయస్ఫూర్తికి మేము యిప్పటికీ మెచ్చుకొంటాము. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోక వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా నిలిపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మేము యింట చేసుకొన్న మార్పులు. విండోస్ అసలుది కొన్నాము. మిగిలినవనుకొన్న నాలుగు వేలు దానికే సరిపోలేదు. దానితో వచ్చే డిఫెండరు అనే కావలివాడే మా వంటి వాళ్ళకు చాలునని మేనల్లుడు చెప్పినాడు గనుక వేరేది కొనలేదు. తెగులు తగిలిందని అనుమానమున్న వాళ్ళకు కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ శుభ్రం చేసే సాధనాలను ఉచితంగా యిస్తున్నది. రోజువారీ పనికి యజమాని అధికారం లేని వేరే ఖాతా పెట్టుకొన్నాము. పిల్లలు తెలియక ఏదైనా వేయబోతే కంప్యూటరు మా రహస్యపు మాట అడిగి ఆగుతుంది. జిరాక్సు అంగడికి వొక ఖాళీ పెన్‌డ్రైవు వేరుగా వుంది. అచ్చు వేయవలసినది వొక్కటే దానిలో పోతుంది, తిరిగి రాగానే తుడుపు పడుతుంది.

వీటన్నిటికంటె మేము పట్టుగా చేసేది నకలు. 2019 వేసవిలో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లను తాళం దొంగలు పట్టినప్పుడు, నకళ్ళు వేరే చోట వుండడం చేతనే లెక్కలు పోకుండా నిలిచినవి. మేము రెండు డిస్కులు కొన్నాము. ఆదివారం స్నానమైనాక వొకటి తగిలించి, నకలు దిగగానే తీసి బీరువాలో పెడతాము. తగిలించే వుంచితే దొంగ దానికీ తాళం వేస్తాడు, అది మరువరాదు. రెండవది హిందూపురంలో చెల్లెలి యింట వుంటుంది. పండుగలకు పోయినప్పుడు మార్చుకొంటాము. మా బావగారు, “ఆడపడుచుకు చీర తెస్తారనుకొంటే డిస్కు తెచ్చినారే” అని యెగతాళి చేస్తారు.

వంశవృక్షం మళ్ళీ మొదలైంది. పెదనాయన రాత్రి భోజనమైనాక అరుగు మీద కూర్చొని చెబుతారు, మేము పొడుగు నోటు పుస్తకంలో సిరాతో వ్రాసుకొని తరువాత కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాము. ఐదు తరాల వరకు వచ్చింది. ముత్తవ్వ పుట్టింటి పేరు దగ్గర ఆయనకు జ్ఞాపకం అందడం లేదు. మడకశిరలో చిన్నత్తకు తెలిసి వుంటుందంటున్నారు. వచ్చే ఆదివారం బస్సుకు పోవలెను.