నుదుటితో ఆపిన ఫౌజీ

బెంగళూరు: హాకీ బంతి బరువు సుమారు 160 గ్రాములు. రాయిలా గట్టిగా ఉంటుంది. అది దూసుకొస్తుంటే ఎవరైనా మొహం తిప్పుకుంటారు. మాన్యుయెల్ ఫ్రెడరిక్ మాత్రం నుదురు అడ్డం పెట్టేవారు. ఆ రోజుల్లో గోల్‌కీపర్లకు హెల్మెట్ ఎక్కడిది? కాళ్లకు ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్, అంతే.

ఆయన 2025 అక్టోబరు 31న బెంగళూరులో కన్నుమూశారు. వయసు 78.

పుట్టింది కేరళలోని కన్నూరులో. మొదట ఫుట్‌బాల్ పిచ్చి. కుర్రతనంలోనే సైన్యంలో చేరారు. హాకీలో రాటుదేలింది మాత్రం మన ఊళ్లోనే, ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) మైదానంలో. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ సెమీస్‌లో పాకిస్థాన్ చేతిలో ఓడిన మన జట్టు నెదర్లాండ్స్‌ను 2-1తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టులో ఆయన ఉన్నారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి మలయాళీ ఆయనే. రెండో మలయాళీ కోసం టోక్యో దాకా, అంటే 2021లో శ్రీజేష్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆయన కూడా గోల్‌కీపరే! 1973 ప్రపంచకప్ ఫైనల్లో మన జట్టు పెనాల్టీ స్ట్రోకుల్లో ఓడి రజతంతో తిరిగొచ్చినప్పుడూ ఫ్రెడరిక్ జట్టులో ఉన్నారు.

ఆ తర్వాత బెంగళూరే ఇల్లయింది. ఇద్దరు కూతుళ్లను పెంచి పెద్ద చేశారు. పొరుగింటాయన ఒలింపియన్ అని ఈ నగరంలో ఎంతమందికి తెలుసు? సర్కారుకూ గుర్తు రావడానికి చాలా కాలమే పట్టింది. ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చింది 2019లో. మ్యూనిక్ తర్వాత 47 ఏళ్లకు. అప్పటికి ఆయనకు 71.