ప్రయోగగ్రంథములందుఁ జదువరుల దిద్దుబాట్లు

మన ముద్రితగ్రంథముల కడపటఁ దప్పొప్పుల పట్టిక యుండుట పండితు లెఱిఁగినదే. సాఫ్ట్‌వేరును వాడు విధముఁ దెలుపు గ్రంథములకుఁ జదువరుల లేఖలే యట్టి పట్టికకు ముఖ్యాధారము.

ఈ విషయమున అమెరికా దేశపు కంప్యూటరు శాస్త్రజ్ఞుఁడు డొనాల్డ్ కనూత్ పద్ధతి పరిశీలింపఁదగినది. అక్షరముల కూర్పునకై తాను నిర్మించిన 'టెక్' అను సాఫ్ట్‌వేరును ఆయన 1984లో 'ది టెక్‌బుక్' అను గ్రంథమున వివరించెను. తన గ్రంథములందుఁ దప్పును మొదటఁ జూపినవారికి 2.56 డాలర్లు బహుమానము. తప్పు కాకున్నను మేలైన సూచనకు 32 సెంట్లు. పదాఱు మూలముగాఁ గల సంఖ్యాపద్ధతిలో 256ను 100 అని వ్రాయుదురు. కావున 256 సెంట్లు ఒక డాలరని యాయన చమత్కారము.

అచ్చుతప్పును దిద్దుట సులభము. వాక్యము వ్యాకరణశుద్ధమై యుండియుఁ జదువరి పొరఁబడుటయే చిక్కు. "పాత ఫైలునకుఁ గ్రొత్త ప్రతి తీసి, సరిచూచుకొని, దానిని దొలఁగింపుము" అనుచో 'దానిని' అను సర్వనామము దేనిని బోధించును? చదువరి క్రొత్తదానిని దొలఁగించి, పిమ్మట లేఖ వ్రాయును. 'ప్రకరణమునుబట్టి పాతదియే గ్రాహ్యము' అని సమర్థించుకొనుట మనవంటివారికి సహజము. ఆ సమర్థనము పోయిన ఫైలును దెచ్చి యీయదు. 'పాతదానిని' అని దిద్దినఁ జాలును.

ఐనను జదువరి కోరిన సవరణ నెల్లప్పుడును గ్రహింపరాదు. ఆతఁడు తడఁబడిన చోటు సత్యము; ఆతఁడు చెప్పు మందు వేఱు కావచ్చును. పైవాక్యమునకే యొకఁడు పుటెఁడు వ్యాఖ్య కోరవచ్చును. మఱియు సాఫ్ట్‌వేరు మాఱినపుడు నిన్నటి యొప్పు నేఁడు తప్పగును. కావున లేఖయందు గ్రంథముద్రణమును, సాఫ్ట్‌వేరు కూర్పుసంఖ్యను దెలుపుమని చదువరులను ముందే కోరవలెను.