తిరిగివచ్చిన వాద్యం ఎవరిది?

మన సంప్రదాయంలో వాద్యాలకు పేర్లున్నాయి. సరస్వతీదేవి వీణ కచ్ఛపి. నారదునిది మహతి. తుంబురునిది కళావతి. వీణ పోతే మరొక వీణ దొరకవచ్చు గాని, మహతి పోతే మరొక మహతి దొరకదు. వాద్యానికి పేరు పెట్టడంలోని అంతరార్థం ఇదే. పాశ్చాత్య దేశాలలోనూ ఇటువంటి ఆచారం ఉంది. ఇటలీలోని క్రెమోనా నగరంలో ఆంటోనియో స్ట్రాడివరి నిర్మించిన వాయులీనాలను, వాటిని ఒకప్పుడు వాయించిన లేదా కలిగి ఉన్న వారి పేర్లతో 'గిబ్సన్' అని, 'ఏమ్స్' అని వ్యవహరిస్తారు. 1737లో స్ట్రాడివరి మరణించాడు. ఆయన చేతి వాద్యాలు నేటికీ కచేరీలలో మ్రోగుతూనే ఉన్నాయి.

అటువంటి వాద్యం దొంగల పాలైతే కళాకారుని గతి ఏమిటి? బీమా ఉంటే సొమ్ము వస్తుంది. అయితే ఆ సొమ్ము దేనికి బదులుగా వచ్చినట్లు? ఏళ్లు గడిచాక పోయిన వాద్యం దొరికితే అది ఎవరికి చెందుతుంది? సంగీతం నేర్చిన వారిలో ఎందరో ఈ ప్రశ్న వేసుకోరు. వేసుకోవలసి వచ్చిన నాటికి సమయం మించిపోతుంది.

పోలండు దేశీయుడైన బ్రోనిస్లావ్ హ్యూబర్‌మన్ గత శతాబ్దపు ప్రసిద్ధ వాయులీన విద్వాంసులలో ఒకడు. ఆయన వద్ద 1713లో తయారైన 'గిబ్సన్' స్ట్రాడివేరియస్ ఉండేది. 1919లో వియన్నా నగరంలో బస చేసిన హోటలు గదినుండి దానిని ఎవరో అపహరించారు. కొద్ది రోజులలోనే అది దొరికింది. 1936 ఫిబ్రవరి 28న ఆయన న్యూయార్కులోని కార్నెగీ హాలులో కచేరీ చేస్తూ వేదికపై మరొక వాయులీనం వాయిస్తుండగా, విశ్రాంతి గదిలో విడిచివచ్చిన 'గిబ్సన్' మాయమయింది. ఈసారి అది దొరకలేదు. లండనులోని లాయిడ్స్ బీమా సంస్థ ఆయనకు 30,000 డాలర్లు చెల్లించింది. 1947లో హ్యూబర్‌మన్ కన్నుమూశాడు. తన వాద్యం ఏమయిందో ఆయనకు తెలియనే లేదు.

అది ఏమయిందో లోకానికి తెలియడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. జూలియన్ ఆల్ట్‌మన్ అనే వాద్యకారుడు దానికి బూటు పాలిష్ పూసి, పైమెరుగును మరుగుపరచి, కాఫీ హోటళ్లలోను వాద్యబృందాలలోను వాయించుకొంటూ వచ్చాడు. విన్నవారెవరికీ అనుమానం కలగలేదు. 1985లో మరణశయ్యపై ఉండి అతడు ఆ రహస్యాన్ని భార్యకు వెల్లడించాడు. 1987లో వాద్యం తిరిగివచ్చింది. వచ్చినది హ్యూబర్‌మన్ వారసుల చేతికి కాదు, లాయిడ్స్ చేతికి. ఆ సంస్థ తెచ్చి ఇచ్చినందుకు ఆల్ట్‌మన్ భార్యకు పారితోషికం ఇచ్చి, వాయులీనాన్ని నార్బర్ట్ బ్రైనిన్ అనే విద్వాంసునికి విక్రయించింది. 2001లో దానిని జాషువా బెల్ కొన్నాడు.

లాయిడ్స్ వారికి ఆ హక్కు ఎక్కడిది? బీమా మూలసూత్రం నష్టపూరణం. జరిగిన నష్టాన్ని పూడ్చడమే దాని పని. నష్టపోయిన వానికి లాభం చేకూర్చడం కాదు. వస్తువు పూర్తిగా పోయిందని లెక్కగట్టి సంస్థ దాని విలువ చెల్లించినపుడు, ఆ వస్తువుపై సొంతదారునికి గల హక్కులు సంస్థకు సంక్రమిస్తాయి. సొమ్మూ ఉంచుకొని, వస్తువూ ఉంచుకోవడం ఈ సూత్రానికి విరుద్ధం. ఇందులో అన్యాయమేమీ లేదు. కాని సొమ్ము పుచ్చుకొనే రోజున ఆ కాగితానికి ఇంత అర్థముందని కళాకారునికి తోచదు.

ఈ సూత్రం ఎంత కఠినమైనదో మిన్ కిమ్ అనుభవం తెలుపుతుంది. దక్షిణ కొరియాలో పుట్టి ఇంగ్లండులో పెరిగిన ఈమెకు 21 ఏళ్ల వయస్సులోనే 1696 నాటి స్ట్రాడివేరియస్ లభించింది. 2010 నవంబరులో లండనులోని యూస్టన్ రైల్వే స్టేషను వద్ద ఒక ఫలహారశాలలో కూర్చుని ఉండగా, పక్కనున్న పెట్టెను దొంగలు ఎత్తుకుపోయారు. వారికి దాని విలువ తెలియదు. కేవలం 100 పౌండ్లకు అమ్మజూపారట! బీమా సొమ్ము వచ్చింది. చేతిలో వాయులీనం లేనిదే బ్రతుకు సాగదు గనుక ఆమె ఆ సొమ్ముతో మరొక వాద్యం కొన్నది. 2013లో పోలీసులు పాత వాయులీనాన్ని పట్టుకొన్నారు. దానిని తిరిగి పొందాలంటే పుచ్చుకొన్న సొమ్ము వాపసు చేయాలి. ఆ సొమ్ము అప్పటికే మరో వాద్యంగా మారిపోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఆమె వాయులీనం వేలంలో 13,85,000 పౌండ్లకు అమ్ముడయింది. ఈ వియోగాన్ని ఆమె 2017లో ఒక పుస్తకంగా రాసింది.

రోమన్ టోటెన్‌బర్గ్ కుటుంబానిది వేరొక కథ. 1734 నాటి 'ఏమ్స్' స్ట్రాడివేరియస్‌ను ఆయన 1943లో 15,000 డాలర్లకు కొన్నాడు. 1980లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరంలో కచేరీ ముగిసి అతిథులతో మాట్లాడుతుండగా అది చోరీ అయింది. బీమా కింద 1,01,000 డాలర్లు లభించాయి. 2012లో 101 ఏళ్ల వయస్సులో ఆయన మరణించాడు. అనుమానితుడు కూడా అంతకుముందే మరణించాడు. 2015లో అతని మాజీ భార్య ఆ వాద్యాన్ని విలువ కట్టించడానికి తీసుకొనిరాగా నిపుణుడు గుర్తుపట్టాడు. టోటెన్‌బర్గ్ కుమార్తెలు ముగ్గురూ బీమా సొమ్మును సంస్థకు తిరిగి చెల్లించి తండ్రి వాయులీనాన్ని దక్కించుకొన్నారు. 35 ఏళ్లలో దాని విలువ ఎన్నో రెట్లు పెరిగినా, వారు చెల్లించినది నాడు పుచ్చుకొన్న మొత్తమే. సంస్థ అందుకు సమ్మతించడం వారి అదృష్టం. అదృష్టంపై ఆధారపడనక్కరలేకుండా, వస్తువు దొరికితే సొమ్ము తిరిగి ఇచ్చి దానిని తీసుకొనే హక్కు సొంతదారునికే ఉండునట్లు కొన్ని బీమా ఒప్పందాలలో ముందే ఒక నిబంధన రాస్తారు. పాలసీ తీసుకొనే రోజున అడగదగిన మొదటి ప్రశ్న ఇది.

కోట్ల విలువ గల వాయులీనాల ముచ్చట మనకెందుకు అనిపించవచ్చు. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి చేసిన వీణపై ఇరవై ఏళ్లు సాధన చేసిన వైణికునికి, పెళ్లిళ్లలో పాటకచేరీలు చేసి కుటుంబాన్ని పోషించుకొనే కీబోర్డు వాద్యకారునికి వర్తించేది కూడా ఈ సూత్రమే. పైపెచ్చు చిన్న కళాకారునికి చిక్కులు మరికొన్ని ఎక్కువ.

మొదటి చిక్కు పాలసీ స్వభావంలోనే ఉంది. మన దేశంలో ఇండ్లకు, దుకాణాలకు ఇచ్చే కన్నపు దొంగతనం పాలసీలలో సాధారణంగా 'బలప్రయోగంతో ప్రవేశం' అనే షరతు ఉంటుంది. తలుపు పగులగొట్టడమో, తాళం విరగగొట్టడమో జరిగి ఉండాలి. అటువంటి షరతు ఉన్న పాలసీలో బలప్రయోగం లేని చౌర్యానికి పరిహారం రాదని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. కచేరీ జరుగుతుండగా తెరచి ఉన్న అలంకరణ గదినుండి ఎవరో మృదంగాన్ని తీసుకొనిపోతే అది చట్టం దృష్టిలో దొంగతనమే. ఆ పాలసీ దృష్టిలో మాత్రం కాదు. అందుచేత ఊరూరా తిరిగే కళాకారునికి ఇంటి పాలసీ చాలదు. ప్రయాణంలోను, బస చేసిన చోటను కూడా వాద్యాన్ని కాపాడే 'ఆల్ రిస్క్స్' వంటి పాలసీ అవసరం. అందులోనూ మినహాయింపులుంటాయి. మనుషులు లేని కారులో వదలిన వస్తువుకు బాధ్యత లేదన్న మాట సర్వసాధారణం.

రెండవ చిక్కు విలువను గురించినది. ప్రీమియం కలిసివస్తుందని విలువ తక్కువగా చూపడం పరిపాటి. ఒక పాటకచేరీ బృందం పరికరాల విలువ మొత్తం 4 లక్షలనుకొందాం. వారు 2 లక్షలకే బీమా చేసి, వాటిలో లక్ష రూపాయల కీబోర్డు చోరీ అయితే వచ్చేది లక్ష కాదు, 50,000 మాత్రమే. సగానికే బీమా చేశారు గనుక మిగిలిన సగానికి తమకు తామే బీమాదారులైనట్లు లెక్క. ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలో దీనికి తోడు తరుగుదల కూడా మినహాయిస్తారు. పాత వీణకు తరుగుదల అనే మాటే పొసగదు. నాదం పండేది వాయించగా వాయించగానే. అటువంటి వాద్యాలకు నిపుణునిచేత విలువ కట్టించి, ఆ విలువను పాలసీలోనే అంగీకరింపజేసుకోవడం మేలు.

కీబోర్డుకు క్రమసంఖ్య ఉంటుంది. వీణకు ఉండదు. దానిని గుర్తించేది యాళి ముఖపు చెక్కడం, కుండ మీది పగులు, దండిపై వేసిన అతుకు, తయారుచేసిన వాని చేతివాటం. వీటిని ఫొటోలు తీసి, కొన్న రసీదుతో పాటు వాద్యం ఉన్న చోట గాక మరొక చోట దాచాలి. పెట్టెలోనే రసీదు దాచుకొనే వారు లేకపోలేదు. దొంగకు రెండూ ఒకేసారి దక్కుతాయి.

చౌర్యం జరిగిన వెంటనే పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపితే మూడు రోజులలోగా సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఇక్కడ భాష విషయమై ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో 'పోయింది' అంటే మరచిపోయి పోగొట్టుకోవడమూ కావచ్చు, దొంగతనమూ కావచ్చు. "నా వీణ పోయింది" అని రాసి ఇస్తే దానిని పారవేసుకొన్న వస్తువుగా నమోదు చేసే అవకాశం ఉంది. అపుడు బీమా సంస్థ అది చౌర్యం కాదనవచ్చు. ఎక్కడ ఉంచినది, ఎప్పుడు చివరిసారి చూసినది, ఎవరో అపహరించారని ఎందుకు భావిస్తున్నది స్పష్టంగా రాయాలి.

బీమా సంస్థకు కూడా వెంటనే తెలపాలి. వాహన చౌర్యానికి సంబంధించిన ఒక వ్యాజ్యంలో, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉండగా సంస్థకు ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో పరిహారాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అంతమాత్రాన ఆలస్యం చేయవచ్చునని కాదు. సంస్థ నిరాకరించినా, నెల రోజులలో జవాబివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. అయితే సంస్థ నిరాకరించిన నాటినుండి ఏడాది లోపల ఫిర్యాదు చేయాలి.

పరిహారం చెల్లించే ముందు సంస్థ ఒక పత్రంపై సంతకం అడుగుతుంది. వస్తువుపై హక్కులను సంస్థకు బదలాయించే పత్రమది. ఆపై పోలీసులు వాద్యాన్ని స్వాధీనం చేసుకొంటే, అది కోర్టు ఉత్తర్వు ద్వారా విడుదల కావలసి ఉంటుంది. విచారణ ముగియకముందే దానిని తాత్కాలికంగా అప్పగించమని కోరవచ్చు. ఠాణా గదిలో ఎండకు, తేమకు మైనం కరిగి మెట్లు కదలిపోతాయి గనుక వీణ విషయంలో ఈ త్వర అవసరం కూడా. అయితే ఆ దరఖాస్తు వైణికుడు పెట్టాలా, బీమా సంస్థ పెట్టాలా అన్నది, ఆ పత్రంపై ఏమి రాసి ఉండగా అతడు సంతకం చేశాడన్న దానిని బట్టి ఉంటుంది.