గుండె విద్యుత్తును పరీక్షించు విధము

రొమ్ములో నొప్పి యని ఆసుపత్రికి పోయి, బల్లపై పరుండి, చేతులకును కాళ్ళకును తీగెలు తగిలించుటతోడనే కరెంటు పెట్టుచున్నారని బెదరి లేచి వచ్చు రైతులు నేటికిని కలరు. మోటారు స్టార్టరుడబ్బా వద్ద ఒకపర్యాయము షాకు తిన్నవారికి ఈ భయము కలుగుట వింత కాదు. కాని ఇ.సి.జి. అను ఈ పరీక్షలో యంత్రము శరీరములోనికి విద్యుత్తును పంపదు. గుండె తనంతట తాను పుట్టించుకొను విద్యుత్తునే కాగితముపై గీసి చూపును.

గుండె కుడివైపు పైగదిలో కొన్ని కణముల గుంపు కలదు. మనిషి ఊరక పరుండియున్నప్పుడు అది నిమిషమునకు సాధారణముగ 60 మొదలు 100 పర్యాయములు విద్యుత్తరంగమును పుట్టించును. ఆ తరంగము పైగదులు రెంటను వ్యాపించి, పిమ్మట చెరువునకు ఒకే తూము ఉన్నట్లు, ఒక్క చోటినుండియే క్రిందికి దిగవలెను. అచ్చట సెకండులో సుమారు పదవవంతు కాలము నిలుచును. ఇది లోపము కాదు. పైగదులలోని రక్తము క్రిందిగదులలోనికి దిగుటకు వలయు వ్యవధి. తరువాత పిల్లకాలువలవంటి సన్నని నారలగుండ క్రిందికండర మంతటికిని త్వరితముగ పారును. అంతట గుండె ముడుచుకొనును. చర్మముపై మనకందు ఈ విద్యుత్తు టార్చిలైటు బ్యాటరీ శక్తిలో ఇంచుమించు వెయ్యవవంతు మాత్రమే.

ఇంత స్వల్పమైన దానిని 1887లో లండనులో వాలరు అను శాస్త్రజ్ఞుడు మొదట మనిషియందు గుర్తించెను. హాలండు దేశమున లైడెను నగరములో ఐంతోవెన్ గారు ఇరువదవ శతాబ్ద ప్రారంభమున దానిని స్పష్టముగ గీయు యంత్రమును నిర్మించిరి. అది సుమారు 270 కిలోల బరువు గలది. రోగి రెండు చేతులను, ఎడమకాలిని ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చుండవలసివచ్చెడిది. యంత్రమును కదల్చుట దుర్లభమగుటచే, ఆసుపత్రిలోని రోగుల గుండెతరంగములను టెలిఫోను తీగెలమీదుగా ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న తమ ప్రయోగశాలకు రప్పించుకొనిరి! 1924లో వారికి నోబెలు బహుమానము లభించెను. నేటి యంత్రము చేతసంచిలో పట్టును.

చేతులకు, కాళ్ళకు నాలుగు, రొమ్ముపై ఆరు, మొత్తము పది తగిలింపులు చేయుదురు. వానినుండి పండ్రెండు గీతలు వచ్చును; ఒకే పొలమును పండ్రెండు గట్లమీదినుండి చూచినట్లు. కాగితము సెకండునకు 25 మిల్లీమీటర్లు నడచును. మొదటి చిన్న మిట్ట పైగదులది. నిట్టనిలువు శిఖరము క్రిందిగదులది. చివరి గుండ్రని మిట్ట అవి మరల సేదదీరుటను తెలుపును. మిట్ట మొదలునుండి శిఖరము మొదలువరకు సెకండులో ఐదవవంతు దాటినచో, తూమువద్ద ఆలస్యమగుచున్నదని వైద్యుడు గ్రహించును. గుండెపోటునందు శిఖరము వెనుకటి గీత తరచుగ పైకి లేచియుండును. మాటలాడినను వణకినను ఇతర కండరముల విద్యుత్తు కలిసి గీత చెడును గావున కదలక పరుండవలెను. స్త్రీలు రొమ్ముపై తగిలింపులకు నర్సును కోరుటలో తప్పు లేదు.

ఈ పరీక్ష సాధారణముగ చూచునది పది సెకండుల గుండెను మాత్రమే. పది సెకండులు కాలువగట్టున నిలిచినవానికి రాత్రి పడిన గండి తెలియునా? నొప్పి లేని వేళ గీత బాగుగనే యుండవచ్చును. గుండెపోటు మొదటి గడియలలో సయితము ఒక్కొక్కప్పుడు ఏమియు కనబడదు. కావుననే నొప్పి తగ్గనిచో కొంతసేపటికి మరల తీయుదురు, రక్తమును పరీక్షింతురు. "ఇ.సి.జి. బాగున్నదట" యని నొప్పితోనే ఇంటికి మరలుట ప్రమాదము. నొప్పి చేతికో దవడకో పాకి, చెమటలు, ఆయాసము కలిగినచో గ్యాసని సోడా త్రాగుచు ప్రొద్దు పుచ్చక 108కి ఫోను చేయవలెను. మధుమేహము గలవారికి నొప్పి లేకయే ఆయాసము మాత్రము రావచ్చును. అట్టి రోగి వచ్చిన 10 నిమిషములలో ఇ.సి.జి. తీయవలెననునది వైద్యుల నియమము. దానిని అడుగుటకు సంకోచింపవలదు.

పాత గీతను పారవేయకుడు. క్రొత్తదానితో పోల్చి చూచుటకు వైద్యునికి అది మిక్కిలి అక్కర. ఆ కాగితము వేడికి మాసిపోవు జాతిది గనుక జిరాక్సు తీయించి పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపరచుకొనుడు.