విద్యుత్ తీగల్లో ఇంటర్నెట్: పక్క వాటాకూ పాకే ముప్పు

భిలాయి-3: వైఫై అందని గదికి ఇంటిలోని విద్యుత్ తీగల ద్వారానే ఇంటర్నెట్‌ను చేరవేసే పవర్‌లైన్ అడాప్టర్లు, పలు కుటుంబాలు నివసించే భవనాల్లో రక్షణ సమస్యను తెచ్చిపెడుతున్నాయి. ఒక వాటా కోసం అమర్చిన సంకేతం మీటరును దాటి పక్క వాటాకు చేరగలగడమే ఇందుకు కారణం.

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. అటు ఉక్కు, ఇటు రైల్వే ఉద్యోగాల నిమిత్తం ఇక్కడకు తరలివచ్చిన వారిలో తెలుగు కుటుంబాలు అనేకం. పారిశ్రామిక పట్టణాలలో ఇంటిని వాటాలుగా చేసి అద్దెకివ్వడం, యజమాని మీటరు నుంచే సబ్ మీటర్లు బిగించడం పరిపాటే. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక అడాప్టరును రౌటరు వద్ద, రెండవదానిని దూరపు గదిలో ప్లగ్గుకు తగిలిస్తే 50 హెర్ట్జ్ కరెంటు పారే తీగమీదనే మెగాహెర్ట్జ్ స్థాయి సంకేతం ప్రయాణిస్తుంది. మీటరు కరెంటును లెక్కిస్తుందే తప్ప ఈ సంకేతానికి గోడ కాదు. దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడే మాట నిజమే. కాని ఒకే ఫేజుపై ఉన్న పక్క వాటాకు ఆ దూరమెంత?

2001లో వచ్చిన హోమ్‌ప్లగ్ తొలి ప్రమాణంలో 56 బిట్ల సంకేత రక్షణ మాత్రమే ఉండేది. ఆ తరహా రక్షణను 1998లోనే ఒక ప్రత్యేక యంత్రం 56 గంటల్లో ఛేదించింది. 2005 నాటి హోమ్‌ప్లగ్ ఏవీ ప్రమాణం దీనిని 128 బిట్లకు పెంచింది. తాళం గట్టిదే. అయితే పలు అడాప్టర్లు కర్మాగారం నుంచి ఒకే పాస్‌వర్డుతో వెలువడ్డాయి. దానిని మార్చని రెండు కుటుంబాల అడాప్టర్లు, ఎవరి దురుద్దేశమూ లేకుండానే, ఒకే నెట్‌వర్కుగా కలిసిపోగలవు. అప్పుడు ఒకరి ప్రింటరు, కెమెరా, ఉమ్మడి ఫైళ్లు మరొకరికి అందుబాటులోకి రావచ్చు. కొన్ని అడాప్టర్ల పరికర పాస్‌వర్డును వాటి హార్డ్‌వేర్ చిరునామా నుంచే రాబట్టవచ్చని 2014లో సెబాస్టియన్ డుడెక్ అనే పరిశోధకుడు నిరూపించారు.

ఇతరులు వాడిన ఇంటర్నెట్‌కు కూడా దర్యాప్తులో మొదట జవాబు చెప్పవలసినది కనెక్షన్‌దారే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వెలువడిన ఈ-మెయిల్ జాడ నవీ ముంబయిలోని ఒక అమెరికా జాతీయుని వైఫైకి దారితీయడంతో, ఏ సంబంధమూ లేని ఆయన పోలీసుల ప్రశ్నలను ఎదుర్కొనవలసి వచ్చింది. అది వైఫై ఉదంతమే అయినా, విద్యుత్ తీగలకూ వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులోకి దురుద్దేశంతో చొరబడిన వారికి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షను మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది.

నివారణ ఖరీదైనదేమీ కాదు. పెయిర్ బటన్ ఉన్న అడాప్టర్లలో ఆ బటన్‌ను నిర్ణీత వ్యవధిలో రెండింటిపైనా నొక్కితే వాటికి సొంత పాస్‌వర్డు ఏర్పడుతుంది. తరువాత తయారీదారు ఇచ్చిన యాప్‌లో ఎన్ని అడాప్టర్లు కనిపిస్తున్నాయో లెక్క చూసుకోవాలి. రెండు ఉండవలసిన చోట మూడు కనిపిస్తే, ఆ మూడవది పొరుగువారిదై ఉండవచ్చు. రౌటరు పాస్‌వర్డునూ మార్చుకోవడం అవసరం. పాత అడాప్టరును అమ్మేముందు రీసెట్ చేయాలి. కొన్నింటి వెనుక లేబులుపై పాస్‌వర్డు ముద్రించి ఉంటుంది గనుక, అమ్మకానికి పెట్టే ఫొటోలో అది కనిపించకుండా చూసుకోవాలి.