రీసెర్చ్ ఉద్యోగానికి సీవీ: "కష్టపడే స్వభావం" అని రాస్తే ఎందుకు పిలవరు?

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

మా బాబాయ్ గారిది రేపల్లె. వాళ్ళ అమ్మాయి, అంటే నాకు చెల్లి, డిగ్రీ మూడేళ్ళూ రోజూ ట్రైన్‌లో తెనాలి వచ్చి చదువుకుంది. తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. తనకి రీసెర్చ్ అంటే ఇష్టం. "అన్నయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్‌లో చేశావు కదా, నాకో సీవీ చేసిపెట్టు" అంది. దానిదేముంది అనుకున్నా. రెండు రంగుల టెంప్లేట్ తీసుకుని, ఒకే పేజీలో ఫొటో, స్కిల్స్ పక్కన నాలుగు చుక్కలు, అయిదు చుక్కలు, పైన "కష్టపడే స్వభావం, టీమ్ ప్లేయర్" అని పెట్టేశా. ఆరు చోట్లకి పంపింది. ఒక్క చోటు నుంచి కూడా పిలుపు రాలేదు. ఇంట్లో మాత్రం "ఇంకెన్నాళ్ళు చూస్తావమ్మా, బీఎడ్‌లో చేరిపో" అనడం మొదలైంది.

చివరికి బాపట్లలో తెలిసిన ఒక లెక్చరర్ గారికి ఆ సీవీ చూపించాం. ఆయన ఒక నిమిషం చూసి, "అమ్మా, నువ్వు ఎలాంటి మనిషివో రాశావు. ఏం చేశావో ఇందులో ఎక్కడా లేదు" అన్నారు. తప్పు తనది కాదు, నాది. నాకు తెలిసింది కంపెనీ రెజ్యూమే, తనకి కావాల్సింది అకడమిక్ సీవీ.

రెండిటికీ తేడా ఏంటి?

రెజ్యూమే ఒక పేజీ, మహా అయితే రెండు. హెచ్‌ఆర్ వాళ్ళు గబగబా చూసేస్తారు. అకడమిక్ సీవీ మీ చదువు, పరిశోధన, పేపర్లు, పాఠాలు చెప్పిన అనుభవం మొత్తానికి రికార్డు. ఫ్రెషర్‌కి రెండు పేజీలు చాలు, ప్రొఫెసర్ గారిదైతే ఇరవై పేజీలైనా ఎవరూ ఏమీ అనరు. చదివేవాళ్ళు కూడా అదే సబ్జెక్టులో పనిచేసినవాళ్ళు. కాబట్టి విశేషణాలు పనిచేయవు, వివరాలు పనిచేస్తాయి.

మన బాపట్ల ఉదాహరణే తీసుకుందాం. మీ ఇంట్లో తినే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. 1986లో విడుదలైన రకం. దాన్ని రైతుకి, తోటి శాస్త్రవేత్తకి పరిచయం చేసేటప్పుడు "చాలా మంచి వరి, కష్టపడే వరి" అని ఎవరూ రాయరు కదా! జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి, వీటి సంకరంతో వచ్చింది, పంటకాలం దాదాపు 150 రోజులు, గింజ మధ్యస్థ సన్నం అని రాస్తారు. బ్యాక్టీరియా ఎండాకు తెగులుని తట్టుకోలేదు అని కూడా రాస్తారు. ఆ లోపం దాచకుండా చెప్పారు కాబట్టే, హైదరాబాద్‌లో సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు దాని మీద పనిచేసి, తెగులుని తట్టుకునే మూడు జన్యువులు చేర్చి, 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరిని తెచ్చారు.

సీవీ కూడా అంతే. ప్రతి లైనూ ఎవరైనా చెక్ చేసి చూసుకోగలిగేలా ఉండాలి. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

అవతలివాళ్ళు ఎలా చూస్తారు?

ముందు నోటిఫికేషన్‌లో అడిగిన అర్హత ఉందా లేదా చూస్తారు. ఉదాహరణకి జేఆర్‌ఎఫ్ పోస్టుకి సాధారణంగా నెట్, గేట్ లాంటి జాతీయ పరీక్ష అడుగుతారు. దానికి 2023 జనవరి 1 నుంచి కేంద్రం నిర్ణయించిన ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ వేరే. మీకు నెట్ ఉండి, అది రెండో పేజీలో ఏ మూలో ఉంటే ఎవరి కంటా పడకపోవచ్చు.

తర్వాత మార్కులు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చడానికి 2018 యూజీసీ నిబంధనల్లో 100 మార్కుల పట్టిక ఇచ్చారు. పీహెచ్‌డీకి 30. నెట్ ఉంటే 5, జేఆర్‌ఎఫ్‌తో ఉంటే 7. ఒక్కో రీసెర్చ్ పేపర్‌కి 2 చొప్పున గరిష్ఠంగా 10. టీచింగ్ లేదా పోస్ట్‌డాక్ అనుభవం ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10. డిగ్రీ, పీజీ మార్కులు, అవార్డులకి మిగతావి. ఈ మార్కులు ఇంటర్వ్యూకి పిలవడం వరకే. మీ సీవీలో ఈ హెడ్డింగులు విడివిడిగా కనపడితే లెక్క వేసేవాళ్ళకి తేలిక. కలగాపులగంగా ఉంటే మీకు రావాల్సిన మార్కే పోవచ్చు.

ఏ వరుసలో రాయాలి?

పైన పేరు, ఫోన్, మెయిల్. చిన్నప్పుడు సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీలు వద్దు. కింద రెండు లైన్లలో మీ రీసెర్చ్ ఆసక్తి. తర్వాత చదువు, కొత్తది పైన. నెట్, గేట్, సెట్ ఉంటే వెంటనే అక్కడే, ఏ సంవత్సరమో వేసి.

ఇక అసలైన భాగం, రీసెర్చ్ అనుభవం. ఇక్కడే నేను మా చెల్లికి అన్యాయం చేశా. నేను రాసింది: "ఎమ్మెస్సీ ప్రాజెక్ట్: నేల పరీక్ష." అంతే. లెక్చరర్ గారు ప్రశ్నలు అడుగుతూ పోతే బయటికొచ్చిన విషయం ఇది: "నిజాంపట్నం వైపు చౌడు పొలాల నుంచి 60 మట్టి నమూనాల సేకరణ; పీహెచ్, విద్యుత్ వాహకత కొలత; కాలువకి దగ్గర, దూరం పొలాల మధ్య ఉప్పు శాతం పోలిక; ఆరు నెలలు, గైడ్ పేరు." పని అదే, మనిషి అదే. రెండోది చదివితే ఈ అమ్మాయి ఎండలో పొలాలకి వెళ్ళిందని, మీటర్ వాడటం వచ్చని తెలుస్తుంది. మీరూ ఇలాగే రాయండి: ఏ ప్రశ్న, ఎన్ని నమూనాలు, ఏ పద్ధతి, ఏం తేలింది.

పబ్లికేషన్లు ఉంటే రచయితల వరుస పేపర్‌లో ఎలా ఉందో అలాగే రాసి, మీ పేరు బోల్డ్ చేయండి. జర్నల్, సంవత్సరం, డీఓఐ నంబర్ ఇవ్వండి. అచ్చయినది, అంగీకరించినది, పరిశీలనలో ఉన్నది వేర్వేరుగా చూపించండి. ఇంకా రాయని పేపర్ని "పరిశీలనలో ఉంది" అని వేస్తే ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. "డబ్బు కట్టండి, మూడు రోజుల్లో వేస్తాం" అనే జర్నల్స్ జోలికి వెళ్ళకండి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ లిస్టుని ఆపేసింది, ఇప్పుడు జర్నల్ మంచి చెడులు సంస్థలే చూసుకోవాలి. కాబట్టి మీ గైడ్‌ని అడగండి. ఆర్కిడ్ ఐడీ ఉచితం, 16 అంకెలుంటుంది. మీ పేరుతో ఇంకో పదిమంది ఉన్నా మీ పేపర్లు మీకే చెందుతాయి.

పేపర్లు లేవా? కంగారు పడకండి. ఆ హెడ్డింగ్ తీసేయండి, ప్రాజెక్ట్ భాగాన్ని ఇంకాస్త వివరంగా రాయండి.

స్కిల్స్‌లో చుక్కలు, శాతాలు వద్దు. పైథాన్ 80 శాతం అంటే అర్థమేంటి? నాకైతే ఇప్పటికీ తెలీదు. "పైథాన్: 60 నమూనాల డేటాకి గ్రాఫులు గీశాను" అంటే అర్థమవుతుంది. ట్యూషన్ చెప్పినా, జూనియర్లకి ల్యాబ్ నేర్పించినా టీచింగ్ కింద నిజాయితీగా రాయండి.

చివర రిఫరెన్సులు, ఇద్దరో ముగ్గురో. ముందే వాళ్ళని అడిగి పేరు పెట్టండి. తెలియకుండా పెడితే, ఫోన్ వచ్చినప్పుడు "ఎవరబ్బా?" అంటే మీ పని అయిపోయినట్టే.

ఆధార్ నంబర్, తండ్రి పేరు, కులం ఇవన్నీ సీవీలో అక్కర్లేదు. అప్లికేషన్ ఫారంలో అడిగితే ఫారంలో నింపండి.

ఫోన్‌లోనే చేసేవాళ్ళకి

ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. ఫోన్‌లో గూగుల్ డాక్స్ చాలు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, ఒకటే ఫాంట్. పంపేటప్పుడు పీడీఎఫ్ చేయండి, వర్డ్ ఫైల్ పంపితే అవతల ఫోన్‌లో వరుసలు చెదిరిపోవచ్చు. ఫైల్‌కి "ఫైనల్ కొత్తది 3" అని కాకుండా మీ పేరు, పోస్టు పేరు పెట్టండి. పంపేముందు ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. ప్రతి పోస్టుకీ ఒకే సీవీ పంపకుండా, నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని వాళ్ళు అడిగిన పని మీద ఉన్న లైన్లు పైకి తీసుకురండి.

మా చెల్లి సంగతి అడుగుతారు కదా. కొత్త సీవీ నాలుగు చోట్లకి పంపింది, రెండు చోట్ల నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మొదటిదానికి సెలక్ట్ కాలేదు. కానీ బయటికొచ్చి ఫోన్ చేసి, "అన్నయ్యా, అరగంట సేపు నా మట్టి నమూనాల గురించే అడిగారు. అరవయ్యే ఎందుకు తీశావన్నారు, చెప్పాను" అంది. ఆ గొంతు ఎంత సంతోషంగా ఉందో! రెండోది ప్రాజెక్ట్ పోస్టు, అందులో చేరింది. బాబాయ్ గారు ఇప్పుడు బీఎడ్ మాట ఎత్తట్లేదు.

ఇవాళ రాత్రి ఒక్క పని చేయండి. మీ ప్రాజెక్ట్ రిపోర్ట్ తీసి, అందులో మీరు స్వయంగా చేసినవి అయిదు లైన్లు రాయండి. మీ సీవీ అక్కడ మొదలవుతుంది. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై!